బండ్లు అతికించిన మనిషి

డెంటరన్న పోయాడు. మా వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో పెట్టి, కింద పూలు, దీపాలు, జోడించిన చేతులు వరసగా పెట్టుకుంటూ పోయారు. "మంచి మనిషి" అని ఒకడు. "దేవుడు" అని ఇంకొకడు. నాకు ఒళ్లు మండింది. ఈ దేవుణ్ణే కదరా మొన్నమొన్నటి దాకా కారు పిచ్చోడని నవ్వుకున్నారు! అన్నం తింటున్నప్పుడు ఆయన వైపు చూసి, స్టీరింగు తిప్పినట్టు చేతులు తిప్పి వెక్కిరించిన వాడు కూడా ఒక దీపం పెట్టాడు. నేను ఏమీ పెట్టలేదు. ఫోను బోర్లించి పెట్టి కూర్చున్నాను.

ఆయనకు ఒక పేరుంది. ఇక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కార్డు మీద అరబ్బీలో, పాస్‌పోర్టు మీద ఇంగ్లీషులో ఉంది. కువైట్‌లోని ఈ అర్దియా గ్యారేజీల్లో మాత్రం ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. సొట్టలు తీసేవాణ్ణి డెంటర్ అంటారు. వయసులో పెద్దవాడు కాబట్టి డెంటరన్న. నేను అదే గ్యారేజీలో రంగు కొట్టేవాణ్ణి. ఇద్దరిదీ రాజంపేట వైపే, ఒకే గది, పక్కపక్క మంచాలు. ఆయన గురక నాకు తెలిసినంతగా ఆయన భార్యకు కూడా తెలిసి ఉండదు. ఆమె విన్నది రెండేళ్లకు ఒకసారి వచ్చే సెలవుల్లోనే కదా.

మనిషి పొట్టి. భుజాల నుంచి మణికట్టు దాకా చేతులు ఒకే లావు. రోజంతా రేకు మీద సుత్తి దెబ్బలు విని విని కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి బాగానే పనిచేసేది. ఇష్టమైన మాటకు ఎడమ చెవి ఇచ్చేవాడు, ఇష్టం లేని మాటకు కుడిచెవి తిప్పేవాడు. ఫోర్‌మన్ అరుస్తున్నప్పుడు ఈయన మెల్లగా మెడ తిప్పడం చూసి మేము లోపల్లోపల నవ్వుకునేవాళ్లం. తన గొంతు తనకే వినపడదు కాబట్టి ఏది మాట్లాడినా కేకే. శుక్రవారం సంగటి కెలికి, ముద్ద నోట్లో పెట్టుకుని "ఉప్పు ల్యా" అన్నాడంటే పై అంతస్తు బెంగాలీలకు కూడా తెలిసేది.

ఆయన సొట్ట తీసి, పుట్టీ పట్టించి, గరుకు కాగితంతో రుద్ది నాకిచ్చేవాడు. నేను రంగు కొట్టేవాణ్ణి. కొట్టాక ఆ బండికి ఏమీ కానట్టే ఉండేది. ఎండలో నిలబెట్టి నేను మురిసిపోతుంటే వెనక నుంచి వచ్చి నా వీపు మీద ఒకటి చరిచేవాడు. "రంగు నీది, పాపం నాది, అబ్బీ." మొదట్లో అది సరసం అనుకున్నాను. కొన్నేళ్లు అట్లాగే అనుకున్నాను.

అతుకు బండి సంగతి చెప్పకపోతే ఈయన అర్థం కాడు. ముందు భాగం నుజ్జయిన బండి ఒకటి, వెనక భాగం నుజ్జయిన బండి ఇంకొకటి ఉంటాయి. దాని వెనక సగం బాగుంటుంది, దీని ముందు సగం బాగుంటుంది. రెండింటినీ సీట్ల కింద అడ్డంగా కోసి, మంచి సగాలు రెండూ కలిపి వెల్డింగు పెడితే ఒక బండి అవుతుంది. పుట్టీ, రంగు పడ్డాక ఎవడికీ తెలియదు. ఒకప్పుడు ఆ పని చాలా గ్యారేజీల్లో జరిగేది. డెంటరన్న అందులో పేరు మోసినవాడు.

ఆయన అతుకుకు ఒక ప్రత్యేకత ఉండేది. గల్ఫుకు రాకముందు ఈయన లారీ బాడీలు కట్టే షెడ్డులో పని నేర్చుకున్నాడు. లారీకి ఎక్కడ అతుకు పడినా లోపల ఒక యాంగ్లర్ ముక్క, అంటే మూలగా వంచిన ఇనుప బద్ద, ఆసరాగా పెట్టి వెల్డింగు చేస్తారు. బరువు మోయాలి కదా. ఆ అలవాటు ఈయనతో పాటు విమానం ఎక్కింది. కారు తలుపు కింద గడపలాగా ఒక దూలం ఉంటుంది. మేము దాన్ని గడపే అంటాం. అతికించే ప్రతి బండికీ ఆ గడప లోపల మూరెడు యాంగ్లర్ దాచేవాడు. వేరే దేశాల డెంటర్లు ఉత్త రేకుకు రేకు అతికించి వదిలేస్తారు. ఈయన వాళ్లను చూసి జాలిపడేవాడు. "నా అతుకు కాడ ఏనుగు తొక్కినా ఇరగదు" అనేవాడు. గడపలో నీళ్లు కారడానికి కింద ఒక కంత ఉంటుంది. అందులో వేలు పెట్టి తడిమి, లోపల ఇనుము అంచు తగిలితే తృప్తిగా తల ఊపేవాడు.

ఒక మధ్యాహ్నం, చెడిన కార్లు మోసుకొచ్చే రికవరీ బండి మీద ఒక కారు వచ్చింది. ఒక కారు అన్నాను గానీ, రెండు ముక్కలు. ముందు సగం ఒకవైపు, వెనక సగం ఒకవైపు కట్టేసి తెచ్చారు. పనికొచ్చే సామాను విప్పుకోవడానికి కొన్నాడట మా కఫీల్, గ్యారేజీ యజమాని. అందరం పని ఆపి చుట్టూ నిలబడ్డాం. డెంటరన్న పైకెక్కి, తెగిన గడపలో చెయ్యి పెట్టాడు. కింద నిలబడిన నాకూ కనపడింది. లోపల యాంగ్లర్ ముక్క చెక్కుచెదరలేదు. దాని పక్కనే, దాని అంచు వెంబడే, రేకు తెగింది. స్కేలు పెట్టి కాగితం చింపితే ఎట్లా తెగుతుందో అట్లా. లారీని నిలబెట్టే బద్ద, కారు పలచటి రేకును కోసేసింది. వెనక సీటులో ఎవరు కూర్చున్నారో, వాళ్లు ఏమయ్యారో మేమెవరూ అడగలేదు.

ఆయన దిగి వచ్చి నాతో, మామూలుగా కేక వేసే మనిషి, గొంతు తగ్గించి చెప్పాడు.

"మన వాళ్ల చెయ్యే అబ్బీ. నాది గాదు."

లారీ షెడ్ల నుంచి వచ్చిన డెంటర్లు మా వైపు వాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు అప్పట్లో అర్దియాలో ఉండిన మాట నిజమే. ఆ అతుకు ఆయనదో కాదో నాకు ఈనాటికీ తెలియదు. ఆయనకు మాత్రం తెలిసే ఉండాలి. కంప్రెసరు వెనక నేల మీద కూర్చుని, సాయంత్రం దాకా లేవలేదు.

ఆ తర్వాత అతుకు పని ముట్టలేదు. ఫోర్‌మన్ చెప్తే కుడిచెవి తిప్పేవాడు. గట్టిగా చెప్తే వెల్డింగు గన్ను కింద పెట్టి బయటికి పోయేవాడు. జీతం కోసినా నోరెత్తలేదు. ఇంకొక అలవాటు కూడా అప్పుడే మొదలైంది. ఏ టాక్సీ ఎక్కాలన్నా ముందు వంగి, గడప కింద కంత వెతికి వేలు పెట్టేవాడు. టాక్సీవాళ్లు తిట్టేవాళ్లు. నాకు సిగ్గేసేది. "ఎక్కన్నా, మన ఇంటి పెండ్లి కారు కాదు ఇది" అని విసుక్కునేవాణ్ణి.

ఇంత జరిగినా ఆ మనిషికి కార్లంటే ప్రాణం. అన్ని కార్లూ కాదు. పాతకాలపు అమెరికా బండ్లు, రెండు తలుపులవి, పొడుగాటి ముక్కువి, ఎనిమిది సిలిండర్లవి. కువైట్‌కు వచ్చిన కొత్తలో రోడ్డు దాటబోతుంటే అట్లాంటిది ఒకటి ముందు నుంచి పోయిందట. "ఆ సౌండు చెవికి గాదబ్బీ, కడుపుకు తగిలింది" అని పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించేవాడు. పనిముట్ల పెట్టె మూత లోపల పాత క్యాలెండరు నుంచి కత్తిరించిన అట్లాంటి కారు బొమ్మ అంటించుకున్నాడు. వేరేవాళ్లు ఆ చోట దేవుణ్ణి పెట్టుకుంటారు. దూరాన ఎక్కడైనా ఆ మోత వినపడితే సుత్తి ఆగేది. చెవిటిమాలోకానికి అది మాత్రం ఎట్లా వినపడేదో.

ఇక ఆయన గుండెల్లో రొద మొదలైంది. పుట్టీ దుమ్ము అంతా లోపలికి పోయింది. డాక్టరు ఫోటో తీసి చూసి, ఈ దుమ్ములో ఇంకా పని చేస్తే ఎక్కువ రోజులు ఉండవు, ఊరికి పో అని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు నేను పక్కనే ఉన్నాను, ఎడమ చెవి వైపే కూర్చోబెట్టాను. సరేనన్నాడు. ఎండాకాలం కాగానే వెళ్లిపోవాలనుకున్నాడు. ఇంట్లో కూర్చుని తినడానికి, మందులకు సరిపడేంత దాచుకుని ఉన్నాడు. ఆ దాచుకున్నదే ఆయన ఊపిరి. అది ఉంటే ఊరు, లేకపోతే మళ్లీ దుమ్ము. ఇది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

అప్పుడు జహ్రా నుంచి ఫోను వచ్చింది. అక్కడ ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా ఉన్న రాయచోటి పిల్లవాడు.

"అన్నా, నువ్వు ఎప్పుడూ చెప్తుంటివే ఆ మాదిరి బండి, మా పెద్దాయనది ఒగటి ఉండాది. ఆయన పొయ్యి ఏడాదాయ. వాకిలి ఖాళీ చేయమంటాంది మామా, ఆయన పెండ్లాం. వచ్చి చూసుకో."

శుక్రవారం ఉతికిన చొక్కా వేసుకుని తల దువ్వుకున్నాడు. పిల్లను చూసుకోవడానికి పోతున్నట్టు తయారయ్యాడు. బస్సులో నేను అడిగాను.

"కొంటావా ఏంది నిజంగా?"

"చూసి వద్దాం పా."

"చూసేదానికి ఉతికిన చొక్కా ఎందుకన్నా?"

ఎడమ చెవి నా వైపే ఉంది. అయినా పలకలేదు.

దుమ్ము పట్టిన ముసుగు లాగితే కింద నారింజ రంగు బండి. ఎండకు రంగు చర్మం ఊడినట్టు ఊడింది. డ్రైవరు ఇంకో బండి నుంచి బ్యాటరీ వైరు కలిపాడు. డెంటరన్న స్టీరింగు ముందు కూర్చున్నాడు. అన్నేళ్లలో ఆయన ఒక కారులో ముందు సీట్లో కూర్చోవడం నేను చూసింది అప్పుడే. తాళం తిప్పాడు. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. గోడ మీది పావురాలు లేచిపోయాయి. ఆయన నవ్వాడు. పుట్టీ దుమ్ము పట్టి ఎర్రబడ్డ కళ్లను నీళ్లు కమ్మాయి. డబ్బులు పోతేపోయాయి, ఈ ముసలాయన్ని ఒక్కసారి ఇట్లా ఉండనిద్దాం అని నాకే అనిపించింది.

దిగాడు. దిగి, అలవాటు కొద్దీ వంగి, గడప కింద వేలు పెట్టాడు.

చాలాసేపు చెయ్యి తీయలేదు. తీశాక కొళాయి దగ్గరికి పోయి, ఇసుకతో తోమి తోమి కడుక్కున్నాడు. మళ్లీ వస్తామని చెప్పమని నాకు సైగ చేశాడు. తిరుగు బస్సులో చెప్పాడు.

"ఆ అతుకు నాది."

"ఇంకొకరిదేమో అన్నా. మన వాళ్లు ఇంకా ఉండిరి కదా."

"యాంగ్లర్ కొసను అరగదీసి నున్నగా చేసేది నేనొక్కణ్ణే. చెయ్యి కోసుకోకూడదని. నాదే అబ్బీ. అప్పుడు ఎర్ర రంగు కొట్టిరి దానికి. మర్చిపోయినా."

కొనడమా మానడమా అన్నది అక్కడితో తేలిపోయిందనుకున్నాను. అతుకు బండి అని తెలిశాక ఎవడు కొంటాడు? మరుసటి శుక్రవారం మళ్లీ బయలుదేరాడు. ఈసారి మాసిన చొక్కానే.

అప్పటికే అక్కడ ఒక కువైటీ కుర్రాడు ఉన్నాడు, స్నేహితులతో వచ్చాడు. బానెట్ ఎత్తి చూసి, కొత్త ఇంజను పెట్టిస్తానని, ఎడారి రోడ్డు మీద దీని వేగం చూపిస్తానని చెప్తున్నాడు. డెంటరన్న వాళ్ల మధ్యకు పోయాడు. ఆయన అరబ్బీ పనిముట్ల అరబ్బీ, నాలుగు మాటలు.

"హాదా సయ్యారా ఇత్నేన్" అన్నాడు. ఇది రెండు బండ్లు అని. రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, పుటుక్కున విడదీసి చూపించాడు. "అనా" అని తన రొమ్ము తట్టుకున్నాడు. నేనే చేశాను అని.

కుర్రాడు ఆయన్ని పైనుంచి కిందికి చూసి, డ్రైవరును అడిగాడు, ఈ రఫీక్, అంటే ఈ కూలివాడు, ఎవరు అని. డ్రైవరు ఉన్న మాట చెప్పాడు. ఈ బండి కొనడానికి పోయిన వారం కూడా వచ్చాడు అన్నాడు. కుర్రాళ్లంతా గట్టిగా నవ్వారు. ధర తగ్గించుకోవడానికి ముసలాయన మంచి ఎత్తు వేశాడని. ఒకడైతే మెచ్చుకోలుగా ఆయన భుజం కూడా తట్టాడు. ఎంత గింజుకున్నా, వంగి చూడమని ఎంత బతిమాలినా, వాళ్లకు అది బేరగాడి మాటే.

డెంటరన్న ఆ ఎండలో నిలబడి కుర్రాడి మొహం చూస్తూ ఉండిపోయాడు. ఇరవై ఏళ్లు ఉంటాయేమో వాడికి. తర్వాత డ్రైవరును పక్కకు పిలిచి, వాడు ఇస్తానన్నదాని కంటే ఎక్కువ ఇస్తానని మామాతో చెప్పమన్నాడు. నేను చెయ్యి పట్టుకుని లాగాను. విడిపించుకున్నాడు.

దాచుకున్నది దాదాపు అంతా పోయింది. మరుసటి రోజు ఆయన భార్య నాకు ఫోను చేసింది.

"అబ్బీ, మీ అన్న కారు కొన్యాడంట, నిజమేనా?"

"నిజమే వదినా."

"ఎవరిని ఎక్కించుకోని తిరగాలని?"

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"సరే. వచ్చేటప్పుడు ఆ కారులోనే రమ్మను. సముద్రం అడ్డమొస్తే దిగి తొయ్యమను" అని పెట్టేసింది.

బండిని గ్యారేజీ వెనక రేకుల పందిరి కింద పెట్టుకోవడానికి ఫోర్‌మన్ ఒప్పుకున్నాడు. ఊరికి పోయే మాట ఆగిపోయింది. మామూలు రోజుల్లో దుమ్ములో జీతం పని, శుక్రవారం సొంత బండి పని. అబద్ధం ఎందుకు, ఆయన్ని అంత సంతోషంగా నేను ఎప్పుడూ చూడలేదు. పాత అతుకు విప్పుతాడట. యాంగ్లర్ తీసేసి, ఈసారి కారును కారులాగా కలుపుతాడట. పుట్టీ ఒక్క చెంచా కూడా వాడడట. "రేకు రేకుగానే ఉండాల. రంగు మాత్రం నువ్వు కొట్టల్ల" అన్నాడు. ముందు బంపరు నిమ్మకాయ, బూడిద పెట్టి తోమి తోమి మొహం కనపడేలా చేశాడు. నేను కూడా లోలోపల ఆశపడ్డాను. ఒక తలుపుకు నారింజ రంగు కలిపి కొట్టి చూపిస్తే, పెళ్లికూతురు చీర చూసినట్టు అటు నుంచి ఇటు నుంచి చూశాడు.

తర్వాత నేల రేకు విప్పాడు. కాసేపటికి నన్ను పిలిచి టార్చి ఇచ్చాడు. యాంగ్లర్‌కు రెండు వైపులా వెంట్రుక మందాన పగుళ్లు. అక్కడ మొదలై నేల మొత్తం పాకి ఉన్నాయి. తుప్పు మిగతాది తినేసింది. వెల్డింగు మంట పెడితే పట్టుకోవడానికి రేకు లేదు. నేల మొత్తం మార్చాలి. ఆ నేల అమెరికా నుంచి తెప్పించాలని ఒక సామాన్ల కొట్టువాడు చెప్పాడు. ఆయన దగ్గర మిగిలింది దాని రవాణాకు కూడా రాదు.

జహ్రా కుర్రాడికి ఆ బండి మీద మోజు తీరలేదు. వెతుక్కుంటూ అర్దియాకు వచ్చాడు. మెరుస్తున్న బంపరు, నేను రంగు కొట్టిన తలుపు చూసి, ఈయన పెట్టినదాని కంటే బాగా ఎక్కువ ఇస్తానన్నాడు. డెంటరన్న వాణ్ణి చెయ్యి పట్టుకుని పగుళ్ల దగ్గరికి తీసుకుపోయాడు. వాడు ఒకసారి తొంగి చూసి, వెల్డింగు పెట్టిస్తాలే, ఖలాస్, అన్నాడు. వచ్చే వారం రికవరీ బండి తీసుకుని వస్తానని చెప్పి పోయాడు.

ఆ వారమంతా ఇద్దరం పోట్లాడుకున్నాం.

"అమ్మేయన్నా. ఆ దుడ్లు తీసుకోని ఊరికి పో. నీ రొమ్ము చూసుకో."

"అమ్మితే వాడు తోల్తాడు."

"తోలనీ. నువ్వు చెప్తివి, చూపిస్తివి, వాడు వినల్యా. ఆడికి నీ పని అయిపాయ."

"వాడు చిన్నపిల్లోడు అబ్బీ."

"నీకు వాడు ఏమైతాడు? వాడు పోతే నువ్వు ఏడుస్తావు, నువ్వు పోతే వాడు ఏడుస్తాడా? ఈ దేశంలో ఇనుమంతా నీ నెత్తిన పెట్టుకుంటివా?"

ఆయన నెమ్మదిగా మెడ తిప్పాడు. కుడిచెవి. అన్నేళ్లలో నా మాటకు ఆ చెవి ఇవ్వడం అదే మొదలు. నేను కంచం విసిరికొట్టి బయటికి పోయాను.

శుక్రవారం నమాజు అయిపోయి వీధులు ఖాళీ అయ్యాక గ్రైండరు చప్పుడు వినపడింది. పోయి చూస్తే బండిని కోస్తున్నాడు. తన పాత అతుకు వెంబడే, గీత తప్పకుండా. నిప్పురవ్వలు చొక్కా మీద పడుతున్నాయి, దులుపుకోవడం లేదు. మధ్యలో ఆపి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని దగ్గడం, మళ్లీ అందుకోవడం. పట్టుకో అబ్బీ అన్నాడు ఒకసారి. నేను పట్టుకోలేదు. నీడలో కూర్చుని చూశాను. రెండు సగాలు విడిపోయి చెరోపక్కకు ఒరిగాయి. నేను రంగు కొట్టిన తలుపు ముందు సగంతో పోయింది. గ్రైండరు ఆపి, ఆ రెండింటి మధ్య నుంచి నడిచి ఇవతలికి వచ్చాడు. ఖుబూస్ రొట్టె ముక్క తుంచుకుని టీలో ముంచుకుని తిన్నాడు. సాయంత్రానికి తుక్కువాడు వచ్చి ఎత్తుకుపోయాడు.

గ్యారేజీ గ్యారేజీ అంతా నవ్వింది. ప్రాణం పెట్టి కొని తుక్కుకు ఇచ్చిన పిచ్చోడు అని. నేను నవ్వలేదు గానీ ఆయనతో మాట్లాడడం మానేశాను. పక్కపక్క మంచాల మీద ఇద్దరు మూగవాళ్లం. నాకు కోపం బండి గురించి కాదు. ఆయన ఊరికి పోయే దారిని తన చేత్తోనే కోసుకున్నాడు. ఆ రొద రోజురోజుకూ పెరుగుతుంటే గోడ వైపు తిరిగి వినాల్సింది నేను కదా.

శుక్రవారాలు మనిషి కనపడకుండా పోవడం మొదలుపెట్టాడు. ఎక్కడికి పోతున్నాడో పోలీస్ స్టేషన్ నుంచి ఫోను వచ్చాకే తెలిసింది. ఫర్వానియాలో ఒక భవనం కింద, కార్ల పక్కన నేల మీద పడుకుని ఉంటే వాచ్‌మన్ పట్టించాడు. దొంగ అనుకున్నారు. ఏమి దొంగిలించబోయాడని నన్ను అడిగారు. పిచ్చోడు సార్, అన్నాను. వదిలేశారు. బయటికి వచ్చాక ఆయనే ముందు మాట్లాడాడు.

"బాగా చెప్తివి అబ్బీ. పిచ్చోడంటేనే వదుల్తారు."

"ఏం వెతుకుతాండావు అన్నా?"

"నావి."

ఒక్కటి కోశాడు. మిగతావి రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. పాత కారు కనపడితే వంగి వేలు పెట్టడమే. ఎన్ని అతికించావని అడిగాను.

"లెక్క పెట్టుకోల్యా. పెట్టుకోనుంటే బాగుండు" అన్నాడు. రెండు దొరికాయట. ఒక బండాయన చెప్పు తీసుకుని తరిమాడు. ఇంకొకాయన టీ ఇప్పించి, అంతా విని, సరేనని అదే బండిలో ఎక్కి పోయాడు.

"నీతో ఇది అయ్యే పని కాదన్నా."

"కాదు" అని ఒప్పుకున్నాడు. మరుసటి శుక్రవారం మళ్లీ పోయాడు.

చివరిసారి ఫోను ఆయన నంబరు నుంచే వచ్చింది. మాట్లాడింది వేరే మనిషి, తెలుగులోనే.

"అన్నా, ఈ ఫోను గలాయన మీకేమైతడు? హవల్లీల మా బిల్డింగు కింద, మా బండి పక్కకు పడిపోయిండు. జల్ది రాండ్రి."

నేను చేరేసరికి అంబులెన్సు తీసుకుపోయింది. పోలీసులు రాసుకోవడం కూడా అయిపోయింది. ఫోను చేసినాయన కరీంనగర్ వైపు మనిషి, ఇక్కడ బడిలో పంతులు. పాత పెద్ద కారు పక్కన నిలబడి ఉన్నాడు. పక్కనే భార్య. ఎండకు తాళలేక ఇద్దరు పిల్లలను బండిలో కూర్చోబెట్టి ఏసీ వేసి పెట్టారు. ఇంజను నడుస్తోంది.

"మేమేం జెయ్యలేదన్నా. బీచ్‌కు పోదామని దిగినం. ఈయన మా బండి కింద చెయ్యి వెట్టి పండుకున్నడు. దొంగ అనుకుని గట్టిగ ఒర్రిన, గంతే. లేవలేదు. తిప్పి చూస్తే అప్పటికే..."

దొంగ కాదు సార్ అన్నాను. నేను ఆయనతో మాట్లాడకుండా పోగొట్టుకున్న ఆ నెల రోజులు గుర్తొచ్చి నిలువునా ఏడ్చాను. పంతులు నా భుజం పట్టుకున్నాడు. మంచివాడు.

"ఊకో అన్నా. దవాఖానకు టాక్సీ ఏడ దొర్కుతది ఈ ఎండకు. ఎక్కు, నేనే దింపుత. పిల్లలు జరుగుతరు."

ఆయన భార్య వెనక తలుపు తీసి పిల్లలను పక్కకు జరిపింది. నేను ఒక కాలు లోపల పెట్టాను. పెట్టి, తీసేశాను. కింద కూర్చుని గడప కిందికి చెయ్యి పోనిచ్చాను. నా వేళ్లకు రంగు తెలుసు గానీ ఇనుము తెలియదు. కంత వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. దొరికాక వేలు లోపలికి పెట్టాను. గట్టిగా, మందంగా ఒక అంచు తగిలింది. కొస నున్నగా అరగదీసి ఉంది.

"ఏమైందన్నా?" అని పంతులు వంగాడు.

"ముందు పిల్లలను దించండి సార్" అన్నాను.

ఆయన ఎందుకని అడగలేదు. నా మొహం ఒకసారి చూసి, ఇంజను ఆపి, చిన్నదాన్ని ఎత్తుకుని కిందికి దించాడు.